మంత్రానికీ ప్రార్థనకూ మధ్య

ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగర శివారులో పెద్ద ఇల్లు. హాల్లో, మెట్ల పక్కన, పడకగదుల్లో, అటక మీద ఎక్కడ చూసినా పుస్తకాలే. 1908వ సంవత్సరం. తల్లికి కేన్సరు. ఇంట్లోనే ఆపరేషన్ చేశారు. కొన్నాళ్ళు తేరుకున్నట్టే కనిపించి మళ్ళీ మంచం పట్టింది. చనిపోతుందని పెద్దలు చెప్పినప్పుడు ఆ పిల్లవాడు ప్రార్థన మొదలుపెట్టాడు. గట్టిగా నమ్మితే చాలు, నమ్మకాన్ని మనసులో బిగించి పట్టుకుంటే చాలు, అమ్మ బతుకుతుందని అనుకున్నాడు. ఆగస్టు 23న, సరిగ్గా తండ్రి పుట్టినరోజున, తల్లి కన్నుమూసింది. అప్పటికీ అతను ఊరుకోలేదు. ఏదో అద్భుతం జరుగుతుందని ఎదురుచూశాడు. ఏమీ జరగలేదు.

ఆ పిల్లవాడే సి.ఎస్. లూయిస్. క్రైస్తవ విశ్వాసాన్ని సామాన్యులకు అర్థమయ్యేలా వివరించిన వారిలో ఇరవయ్యో శతాబ్దంలో ఆయనంత పేరు వచ్చినవారు కొద్దిమందే. తన చిన్ననాటి ఆ ప్రార్థన గురించి 1955లో అచ్చయిన ఆత్మకథలో ఆయన ఒక విచిత్రమైన మాట ఒప్పుకున్నారు. ఆ రోజు తాను దేవుణ్ణి రక్షకుడిగా గానీ న్యాయాధిపతిగా గానీ చూడలేదట, కేవలం ఒక మాంత్రికుడిగా చూశాడట. అడిగిన పని చేసిపెట్టి, తరువాత తన దారిన తాను వెళ్ళిపోయే మాంత్రికుడిగా. ప్రేమ లేదు, భయభక్తులు లేవు. అమ్మ బాగుపడితే చాలు, దేవుడు ఉన్నా లేకున్నా ఒకటే.

ఈ మాట దగ్గర మేము చాలాసార్లు ఆగిపోయాం. ఎందుకో చెప్పాలంటే మా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక తల్లి పిల్లవాడి బడి లైబ్రరీ పుస్తకం పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. అట్ట మీద సింహం బొమ్మ ఉంది, పేరులో మంత్రగత్తె ఉంది. అయ్యగారూ, మా వాడు ఇది చదవవచ్చా అని అడిగింది. మేము పుస్తకం తెరవలేదు, రాసినవారి పేరైనా చూడలేదు. మంత్రగత్తె అన్న మాట చూసి, వద్దమ్మా, తిరిగి ఇచ్చేయండి అన్నాం. ఆమె మారుమాట్లాడకుండా ఇచ్చేసింది. చాలా కాలం తరువాత తెలిసింది, ఆ పుస్తకం సి.ఎస్. లూయిస్‌దని! సెమినరీలో విశ్వాస సమర్థన పాఠాల కోసం మేము రాత్రిళ్ళు కూర్చుని చదివిన మనిషిదే. ఆ తల్లి అడిగిన ప్రశ్న తేలికైనది కాదు. మేమిచ్చిన జవాబే మరీ తేలికైనది.

తేలికైనది ఎందుకు కాదంటే, ద్వితీయోపదేశకాండము పద్దెనిమిదో అధ్యాయం మన ముందు ఉంది. సోదె, శకునం, చిల్లంగి, కర్ణపిశాచిని అడగడం, చచ్చినవారితో మాట్లాడించడం, ఇవన్నీ దేవునికి హేయమని అక్కడ స్పష్టంగా ఉంది. ఎఫెసులో మారుమనస్సు పొందినవారు యాభై వేల వెండి రూకల విలువైన మాంత్రిక పుస్తకాలను అందరి ముందు కాల్చేశారు. ఇది పాత నిబంధన కాలంతో పోయిన సంగతని మన పల్లెల్లో సేవ చేసిన ఏ కాపరీ అనడు. చేతబడి భయంతో రాత్రిపూట కాపరి ఇంటి తలుపు కొట్టే కుటుంబాలు మనకు తెలుసు. అలాంటప్పుడు మంత్రాలున్న కథను మనమే కొని పిల్లల చేతిలో పెట్టవచ్చా? హారీ పాటర్ మొదటి పుస్తకం 1997లో వచ్చాక ప్రపంచమంతటా క్రైస్తవ కుటుంబాల్లో ఈ ప్రశ్న గట్టిగా లేచింది. లూయిస్ కథల గురించి అంతకు ముందే లేచింది. మరి ఆయన జీవితంలో మంత్రవిద్య ఏ దారిన వచ్చింది, విశ్వాసం ఏ దారిన వచ్చింది? తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

తల్లి పోయిన కొద్ది వారాలకే ఆ పిల్లవాణ్ణి ఇంగ్లండులో ఒక హాస్టలు బడికి పంపారు. అక్కడ అతనికి భక్తి కుదిరింది, కానీ అది చివరికి పీడగా మారింది. రాత్రి పడుకునే ముందు చేసే ప్రతి ప్రార్థన మనసారా చేశానా లేదా అని తనను తానే పరీక్షించుకునేవాడు. సరిగా రాలేదనిపిస్తే మళ్ళీ మొదటి నుంచి. నిద్ర ముంచుకొచ్చేది, ప్రార్థన మాత్రం తెమిలేది కాదు. ఇది కూడా ఒక రకంగా మంత్రం జపించడం లాంటిదే, అక్షరం తప్పితే ఫలం పోతుందన్న భయం.

పన్నెండు పదమూడేళ్ళ వయసులో మాల్వర్న్ అనే ఊరిలో మరో బడిలో చేరాడు. పిల్లలను చూసుకునే మేట్రన్ చాలా దయగల మనిషి. తల్లి లేని పిల్లవాడికి ఆమె దగ్గర ఓదార్పు దొరికింది. ఆమె ఆత్మీయంగా ఏదో వెదుక్కుంటూ ఉండేది. మన చెన్నై అడయారులో ప్రధాన కేంద్రం ఉన్న దివ్యజ్ఞాన సమాజం బోధలు, చనిపోయినవారి ఆత్మలతో మాట్లాడే ప్రయత్నాలు, రహస్య విద్యలు, అన్నింటిలోనూ వేలు పెట్టింది. పిల్లవాడి విశ్వాసం చెడగొట్టాలని ఆమె అనుకోలేదు. తనకు తెలిసినవి కబుర్లుగా చెప్పింది, అంతే. కానీ ఆ కబుర్లతో క్రీస్తును గురించిన నమ్మకం పట్టు సడలింది. దాని స్థానంలో కనిపించని శక్తులను చేజిక్కించుకోవాలన్న తహతహ మొదలైంది. అది మత్తు లాంటిదని, ఒకసారి అంటుకుంటే ఏళ్ళ తరబడి వదలలేదని ఆయనే రాశారు.

ఇది గమనించాలి. లూయిస్‌కు క్షుద్రవిద్య రుచి చూపించింది కథల పుస్తకం కాదు. ప్రేమగా మాట్లాడే ఒక పెద్ద మనిషి. కథలో మంత్రం ఉందా అని అట్టలు తిరగేసే మనం, ఇంటికి వచ్చి జాతకం మాటలు చెప్పే చుట్టాల దగ్గర పిల్లలను ఎన్ని గంటలు వదిలేస్తున్నామో లెక్క చూడం.

యౌవనానికి వచ్చేసరికి అతను పూర్తి నాస్తికుడు. కిర్క్‌పాట్రిక్ అనే పదునైన తర్కవాది దగ్గర చదువుకు చేరాడు. ఆ రోజుల్లోనే, 1916 మార్చిలో, లెదర్‌హెడ్ రైల్వే స్టేషన్ పుస్తకాల కొట్టులో ఒక పాత పుస్తకం కొన్నాడు. పేరు ఫాంటాస్టిస్. ఒక యువకుడు మాయాలోకంలో తిరుగాడే కథ. రాసినది జార్జ్ మెక్‌డొనాల్డ్. ఈయన పంతొమ్మిదో శతాబ్దపు స్కాట్లండ్ మనిషి, కొంతకాలం సంఘకాపరి. ఆయన బోధ నచ్చని సంఘ పెద్దలు జీతం తగ్గించారు. చివరికి 1853లో కాపరి పని వదిలి కథలు రాసుకుంటూ బతికాడు. ఆ పెద్దలు జీతం తగ్గించకపోతే లూయిస్ సంగతి ఏమయ్యేదో! ఆ రాత్రి రైలు దిగి ఆ కథ చదివిన పదిహేడేళ్ళ నాస్తికుడికి అందులో ఇంతకు ముందెన్నడూ తెలియని ఒక వెలుగు తగిలింది. దాన్ని ఏమని పిలవాలో అప్పుడు తెలియలేదు. అది పరిశుద్ధత అని చాలా ఏళ్ళ తరువాత గ్రహించారు. ఆ రాత్రి తన బుద్ధి మారలేదు గానీ ఊహాశక్తికి బాప్తిస్మం జరిగిందన్న అర్థంలో ఆయన రాశారు.

అంటే నమ్మకం ఉన్న మేట్రన్ కబుర్లతో విశ్వాసం పోయింది, మాయలున్న కథతో దేవుని వైపు మొదటి కిటికీ తెరుచుకుంది. మనం గీసుకున్న గీతలకు ఇది బొత్తిగా లొంగదు.

మొదటి ప్రపంచయుద్ధంలో, 1917 నవంబరులో, సరిగ్గా పంతొమ్మిదో పుట్టినరోజున ఫ్రాన్స్ యుద్ధరంగం చేరారు. మరుసటి ఏప్రిల్‌లో గుండు పేలి గాయపడి తిరిగి వచ్చారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువు. క్షుద్రవిద్యల మీద పాత తహతహ ఇంకా చావలేదు. అది చచ్చింది 1923లో. తాను ఉంటున్న ఇంటి ఇల్లాలికి సోదరుడైన ఒక డాక్టరుకు మతి చలించింది. ఆ డాక్టరు ఆత్మలను పిలవడం వంటి అనేక దారులు తొక్కిన మనిషి. పద్నాలుగు రోజులు, దాదాపు అన్ని రాత్రులూ, లూయిస్ అతని పక్కనే ఉండి, నేల మీద పడి కొట్టుకుంటూ నరకంలోకి లాగుతున్నారని కేకలు పెడుతుంటే పట్టుకుని కూర్చున్నారు. కొద్దికాలానికే ఆ మనిషి చనిపోయాడు. ఆ పిచ్చికి శారీరక కారణాలే ఉండి ఉంటాయని లూయిస్ తరువాత నిజాయితీగా ఒప్పుకున్నారు. అయినా ఆ కేకలు విన్నాక ఆ దారిలో మళ్ళీ అడుగు పెట్టలేదు. నిజమైన క్షుద్రవిద్య ఏమిటో తెలిసి భయపడిన మనిషి ఆయన. తరువాత కథల్లో మంత్రగత్తెలను రాసినప్పుడు తెలియక రాయలేదు.

1925లో ఆక్స్‌ఫర్డ్ మాగ్డలెన్ కళాశాలలో అధ్యాపకుడయ్యారు. అక్కడ స్నేహితుడైనవాడు జె.ఆర్.ఆర్. టోల్కిన్, రోమన్ కేథలిక్ విశ్వాసి. తరువాత ది హాబిట్, ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాసిన వ్యక్తి. లూయిస్ అప్పటికే దేవుడున్నాడని ఒప్పుకుని మోకరించారు. క్రీస్తు దగ్గర మాత్రం ఆగిపోయారు. 1931 సెప్టెంబరు 19 రాత్రి టోల్కిన్, హ్యూగో డైసన్ అనే మరో మిత్రుడు, లూయిస్ కలిసి కళాశాల ఆవరణలోని చెట్ల బాటలో నడుస్తూ తెల్లవారుజాము దాకా మాట్లాడుకున్నారు. చనిపోయి తిరిగి లేచే దేవుళ్ళ పురాణాలు చదివితే నీ మనసు కదులుతుంది కదా, అలాంటి కథే చరిత్రలో, పొంతి పిలాతు కాలంలో, యెరూషలేములో నిజంగా జరిగితే ఎందుకు కాదంటావు అన్నది వారి వాదం. తొమ్మిది రోజుల తరువాత అన్న వారెన్ మోటారు సైకిలుకు తగిలించిన పక్కబండిలో కూర్చుని విప్‌స్నేడ్ జంతుప్రదర్శనశాలకు బయలుదేరారు. బయలుదేరినప్పుడు యేసుక్రీస్తు దేవుని కుమారుడని నమ్మలేదు. చేరేసరికి నమ్మారు. దారిలో ఏం ఆలోచించారో ఆయనకే సరిగా గుర్తు లేదు. మన సాక్ష్యకూటాల్లో చెబితే ఇంతేనా అంటారు!

ఆ తరువాతి సేవ చాలామందికి తెలిసినదే, అందుకే త్వరగా చెబుతాం. రెండో ప్రపంచయుద్ధంలో, 1941 నుంచి 1944 దాకా, బిబిసి రేడియోలో ప్రసంగాలు చేశారు. అవే 1952లో మియర్ క్రిస్టియానిటీ పుస్తకంగా వచ్చాయి. 1941లో ఒక ఆంగ్లికన్ వారపత్రికలో, అనుభవం ఉన్న ఒక దయ్యం తన మేనల్లుడైన చిన్న దయ్యానికి మనిషిని ఎలా చెడగొట్టాలో నేర్పుతూ రాసే ఉత్తరాలు రాశారు. ఆ పారితోషికమంతా పాదిరుల వితంతువుల సహాయనిధికి ఇచ్చేశారు. ఒక పల్లెటూరి పాదిరిగారు ఆ ఉత్తరాలు చదివి, ఈ సలహాలు తప్పుడువే కాదు సైతాను సలహాల్లా ఉన్నాయని కోపగించి పత్రిక చందా మానేశారు. నవ్వు వచ్చినా మేము ఎక్కువ నవ్వలేదు. మేము కూడా అట్ట చూసి తీర్పు చెప్పినవాళ్ళమే.

1939లో యుద్ధభయంతో లండన్ నుంచి పంపిన పిల్లలు కొందరు ఆయన ఇంట్లో తలదాచుకున్నారు. పిల్లల కథ రాయాలన్న ఆలోచన ఆ రోజుల్లో మొలకెత్తింది. పదకొండేళ్ళ తరువాత, 1950లో, మొదటి నార్నియా పుస్తకం వచ్చింది. ఏటా ఒకటి చొప్పున 1956 దాకా ఏడు పుస్తకాలు. పాత బీరువాలో దాక్కోబోయిన పిల్లలు నార్నియా అనే మంచుదేశంలో తేలుతారు. అక్కడ మంత్రగత్తె పాలన. మిఠాయికి ఆశపడి తోబుట్టువులను అప్పగించిన ఎడ్మండ్ అనే పిల్లవాడి ప్రాణానికి బదులు అస్లాన్ అనే సింహం తన ప్రాణం ఇస్తుంది, తిరిగి లేస్తుంది. కల్వరి ఎరిగినవారికి వేరే వివరణ అక్కరలేదు.

ఈ పుస్తకాల్లో మంత్రం ఉంది, కాదనలేం. అయితే ఆ మంత్రం ఎవరి చేతిలో ఎలా ఉందో చూడండి. ఆరో పుస్తకంలో ఆండ్రూ అనే మేనమామ మంత్రపు ఉంగరాలు తయారు చేస్తాడు. గొప్పవారికి మామూలు నీతినియమాలు వర్తించవంటాడు. ప్రయోగానికి మాత్రం తాను వెళ్ళడు, పొరుగింటి చిన్నపిల్లను పంపుతాడు. అలాంటి మాంత్రికుడిని చూసి ఏ పిల్లవాడూ ముచ్చటపడడు. నాలుగో పుస్తకం, 1953 నాటి ది సిల్వర్ చెయిర్‌లో, మాకు అన్నిటికన్నా విలువైన చోటు ఉంది. బడిలో వేధింపులకు గురవుతున్న ఇద్దరు పిల్లలు నార్నియాకు పారిపోవాలనుకుంటారు. నేల మీద వలయం గీసి ఏవైనా మంత్రాలు చదువుదామా అన్న ఆలోచన వస్తుంది. కానీ వాళ్ళలో యూస్టస్ అనే పిల్లవాడు వద్దంటాడు. అలా చేస్తే అస్లాన్‌తో మనం బలవంతంగా పని చేయించగలమని అనుకున్నట్టు అవుతుంది, మనం అడగడం తప్ప ఏమీ చేయలేమంటాడు. ఇద్దరూ చేతులు చాచి ఊరికే అడుగుతారు.

తొమ్మిదేళ్ళప్పుడు దేవుణ్ణి మాంత్రికుడిగా భావించి ప్రార్థించిన మనిషి, యాభై దాటాక పిల్లలకు ఇచ్చిన జవాబు ఇది. సమరయలో గారడీ సీమోను అపొస్తలుల దగ్గరకు డబ్బు పట్టుకుని వచ్చింది కూడా సంఘంలో బాప్తిస్మం పొందాకనే. దేవుని శక్తిని మన చెప్పుచేతల్లో పెట్టుకోవాలన్న కోరిక మంత్రగాడి గుడిసెలోనే ఉంటుందని ఎవరన్నారు? ఇన్ని రోజులు ఉపవాసం, ఇంత కానుక, ఈ నూనె, ఈ మాట ఇన్నిసార్లు అంటే ఫలానా పని ఖాయమని వేదికల మీద చెబుతుంటే మనం ఆమెన్ అంటున్నాం. పిల్లవాడి చేతిలో కథల పుస్తకం కనిపిస్తే ఉలిక్కిపడుతున్నాం.

అలాగని ఆయన రాసిన ప్రతిదీ మాకు మింగుడుపడదు. మూడో పుస్తకంలో చిన్నపిల్ల లూసీ ఒక మంత్రగ్రంథం తెరచి మంత్రం చదువుతుంది. అందం కోసం చదవబోయినప్పుడు అస్లాన్ ముఖం కనిపించి ఆపుతుంది, స్నేహితురాళ్ళ మాటలు దొంగచాటుగా విన్నందుకు మందలింపు ఉంది. కానీ అదృశ్యమైనవి కనబడే మంత్రం చదివినందుకు ఏ మందలింపూ లేదు. రెండో పుస్తకంలో గ్రీకుల మద్యదేవత ఊరేగింపు ఉంది. ఎందుకో మాకు అర్థం కాలేదు. ఇక్కడ ఆగి, మా ఇంట్లో వద్దు అనే తల్లిదండ్రులను మేము తప్పుపట్టం. చేతబడి భయంలోంచి ఈ మధ్యనే బయటపడిన కుటుంబంలో, రాత్రిపూట కలవరించే పిల్లవాడికి, ఇది ఇప్పుడు అవసరమా అని కూడా చూడాలి. విగ్రహార్పితాల విషయంలో పౌలు కొరింథీయులకు చెప్పింది ఇలాంటి బలహీన మనస్సాక్షి గురించే. లూయిస్ పరిశుద్ధుడని కూడా మేము చెప్పడం లేదు. పైపు తాగేవారు, మిత్రులతో బీరు తాగేవారు. మన సంఘంలో అయితే పెద్దలు నిలదీసేవారు.

1955లో అమెరికా నుంచి ఒక తల్లి ఆయనకు ఉత్తరం రాసింది. ఆమె కొడుక్కి తొమ్మిదేళ్ళు. యేసుకంటే అస్లాన్‌నే ఎక్కువగా ప్రేమిస్తున్నానేమో, ఇది విగ్రహారాధన అవుతుందేమో అని ఆ పిల్లవాడు కుమిలిపోతున్నాడు. పది రోజుల్లో లూయిస్ జవాబు ఇంటికి చేరింది. అస్లాన్ చేసిన, పలికిన ఏ సంగతుల వల్ల అతను అస్లాన్‌ను ప్రేమిస్తున్నాడో అవన్నీ నిజంగా యేసు చేసినవీ పలికినవే కాబట్టి, తెలియకుండానే యేసును ఇంకా ఎక్కువ ప్రేమిస్తున్నాడని రాశారు. సింహం రూపం మీద పిల్లవాడికి ఉండే ముచ్చట దేవునికి తెలుసు, దాన్ని గురించి బెంగ వద్దన్నారు. అంతటితో ఆగలేదు. పిల్లవాడు చేయదగిన ఒక చిన్న ప్రార్థన సూచించారు. అందులో చివరి మనవి తన గురించే. ఈ లూయిస్ గారు తన పుస్తకాలతో ఏ పిల్లలనైనా కలవరపెట్టి ఉంటే, ఏ హానైనా చేసి ఉంటే, ఆయన్ను క్షమించి మళ్ళీ అలా చేయకుండా సహాయం చేయమని.

తన కథ వల్ల పిల్లలకు హాని జరిగే వీలుందని ఆ రచయిత ఒప్పుకున్నారు, ఆ తప్పుకు క్షమాపణ కోసం ఒక పిల్లవాడి ప్రార్థన కోరారు. మేము పుస్తకం తెరవకుండానే తీర్పు చెప్పి ఇంటికి వెళ్ళి భోజనం చేశాం. తరువాత ఆ తల్లిని కలిసి మా తప్పు చెప్పుకున్నాం. ఆమె నవ్వి ఊరుకుంది. పిల్లవాడు అప్పటికే పై చదువులకు వెళ్ళిపోయాడు.

ఆరో పుస్తకం గురించి ఇంకొక సంగతి చెప్పాలి. అందులో డిగరీ అనే పిల్లవాడి తల్లి మంచంలో చావుబతుకుల్లో ఉంటుంది. అస్లాన్ ఆజ్ఞ మీద ఒక పండు తేవడానికి వెళితే, అది దొంగిలించి నేరుగా మీ అమ్మకు పెట్టు, బతుకుతుందని మంత్రగత్తె ఊరిస్తుంది. పిల్లవాడు ఏడుపు దిగమింగుకుని పండును అస్లాన్‌కే అప్పగిస్తాడు. తరువాత అస్లాన్ తానే ఒక పండు ఇస్తే తల్లి బాగుపడుతుంది. బెల్‌ఫాస్ట్ ఇంట్లో జరగనిది కథలో జరిగింది. అది 1955లో అచ్చయింది. మరుసటి ఏడాదే ఆయన నిజజీవితంలో మళ్ళీ కేన్సరు తలుపు తట్టింది.

ఆయన ఆలస్యంగా పెళ్ళాడిన జాయ్ డేవిడ్‌మన్ అమెరికా రచయిత్రి, యూదుల ఇంట పుట్టి క్రీస్తును నమ్మినది, ఇద్దరు చిన్న కొడుకుల తల్లి. 1957 మార్చిలో ఆసుపత్రి మంచం పక్కనే పీటర్ బైడ్ అనే పాదిరి వారికి వివాహ ఆరాధన జరిపించి, ఆమె మీద చేతులుంచి ప్రార్థించారు. డాక్టర్లు ఆశ వదులుకున్న ఆమె లేచి నడిచింది. రెండేళ్ళకు పైగా సంతోషంగా బతికారు. తరువాత వ్యాధి తిరగబెట్టింది. 1960 జూలై 13న ఆమె కన్నుమూసింది. లూయిస్ మళ్ళీ అడిగారు, దేవుడు ఈసారీ ఇవ్వలేదు. ఆ వేదననంతా, దేవుని మీద కోపంతో సహా, నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. దాన్ని 1961లో మారుపేరుతో అచ్చు వేశారు. అందులో ఎన్నో ప్రశ్నలకు జవాబు లేదు. కానీ ఈసారి దేవుణ్ణి వదిలిపెట్టలేదు.

ఆ తరువాత ఆయన ఆరోగ్యం క్షీణించింది. 1963 నవంబరు 22న, అరవై అయిదో పుట్టినరోజుకు వారం ముందు, ఆక్స్‌ఫర్డ్ దగ్గర తన ఇంట్లో ప్రభువునందు నిద్రించారు. అదే రోజు అమెరికా అధ్యక్షుడు కెనడీ హత్య జరగడంతో పత్రికలు ఈ మరణాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ముందురోజు కూడా ఆయన బల్ల దగ్గర కూర్చుని, నార్నియా చదివి ఉత్తరం రాసిన ఒక పిల్లవాడికి జవాబు రాశారు. తనకు రాసే పిల్లలందరూ అస్లాన్ ఎవరో ఇట్టే పోల్చుకుంటున్నారని, పెద్దవాళ్ళకే అది ఎప్పుడూ అంతుబట్టడం లేదని అందులో ఆశ్చర్యపోయారు.